ప్రస్తుతానికి

లాట్వియా తూర్పు అంచున, దాగ్దా దాటాక
రోజూ నూట ముప్పై కిలోమీటర్లు నా ఉత్తరాల దారి.
గడ్డకట్టిన సరస్సులు, మంచులో నడుందాకా దిగబడ్డ గేట్లు.
బండి లోపల రెండు జతల చేతితొడుగులు వేసుకుంటాను.
హీటర్ ఊదుతూనే ఉంటుంది,
ముక్కూ మొహం తెలీనివాడు
చావింట్లో ఓదార్చినట్టు.

తొమ్మిది చలికాలాలు
ఇది దీని స్వభావమే అనుకున్నాను.
కొందరు మనుషులుండరూ, ఎంత మాట కలిపినా
గోరువెచ్చన దాటి రానివాళ్ళు?
సూది అరవై దగ్గర ఆగేది. వాలు దిగితే యాభై.
తొంభై వైపు
దుకాణం అద్దంలో నగను చూసినట్టు చూసేది.

మొన్న డీజిల్ బంకులో వెనెరాంద కలిసింది.
పక్క రూటు పోస్టు ఆమెది.
ఇదే బండి, ఇదే సంవత్సరం, రంగొక్కటే వేరు.
"నాకు నూరు కిలోమీటర్లకి ఐదున్నర లీటర్లు. నీకు?"
ఏడున్నర అనడానికి సిగ్గేసి
ఆరు అన్నాను.
ఆ అబద్ధమే నన్ను దోనాత్స్ షెడ్డుకి నడిపించింది.

దోనాత్స్ టైర్లలో గాలి చూశాడు.
నాలుగు చక్రాల మీదా అరచెయ్యి ఆనించాడు,
ఏ బ్రేకైనా పట్టేసి కాలుతోందేమోనని.
ఏదీ కాలడం లేదు. నా బండిలో ఏదీ కాలదు.
ఎయిర్ ఫిల్టర్ దులిపితే
ఒక బిర్చ్ ఆకు, రెండు ఈగలు,
ఎలుక దాచుకుని మర్చిపోయిన గింజ.
"మీటరే బొంకుతోందేమో" అని
వాళ్ళావిడ జామ్ కాచే థర్మామీటర్ తెచ్చి
కూలెంట్ డబ్బాలో ముంచాడు.
అరవై రెండు.
మీటర్‌ని అనవసరంగా అనుమానించాం.

మర్నాడు తెల్లవారుజామున,
మైనస్ పద్దెనిమిదిలో రాత్రంతా పడున్న ఇంజన్‌ని లేపి,
నా చెయ్యి పట్టుకుని
రేడియేటర్ పై గొట్టం మీద పెట్టాడు.
"ఇంజన్ వేడెక్కేదాకా ఇది చల్లగా ఉండాలి స్కైద్రీతె.
అప్పటిదాకా తలుపు మూసుంటుంది."
మూడు నిమిషాలు కాలేదు,
అరచేతి కింద నులివెచ్చన పాకింది.
"మూత లేని ఎసరు" అన్నాడు.
"ఎంత మంట పెట్టినా కాగదు.
చలేస్తోంది, ఇంకా పొయ్యమంటుంది ఇంజన్.
నువ్వు పోస్తున్నావు."

థర్మోస్టాట్ తెరుచుకునే బిగుసుకుపోయుంటుందన్నాడు.
మూడు బోల్టులు. మూడోది అంచులరిగి
అరగంట తిట్లు తిన్నది.
మూత లేచింది.
లోపల
ఏమీ లేదు.

పన్ను ఊడిన చోట నాలుక తిరిగినట్టు
ఆ ఖాళీలో దోనాత్స్ వేలు తిరిగింది.
ఆగింది.

ఎండుగడ్డి కోస్తున్న జూలై.
ముందు సీటులో పింఛన్ల కవర్లు.
బానెట్ కింద బుసబుస ఆవిరి.
లిండెన్ నీడలో మోకాళ్ళ మీద ఒకడు
బిగుసుకున్న థర్మోస్టాట్ పీకి
గడ్డిలోకి విసిరేసి,
చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ అన్నాడు:
"ప్రస్తుతానికి ఇలా పోనీ."

నాకు గుర్తొచ్చింది.
అతనికి గుర్తొస్తోందని అతని చెవులు చెబుతున్నాయి,
ఎర్రబడుతూ.
ఎవరం ముందు మాట్లాడలేదు.
రోజుకి మూడు లీటర్ల చొప్పున
మనసులో లెక్క మొదలుపెట్టి
మూడో చలికాలం దగ్గర వదిలేశాను.
ఆ జూలైలో నేనే కదా వంగి, తల ఊపి,
దండం పెట్టినంత పని చేసి, పింఛన్లు ఆలస్యమవుతాయని
వెళ్ళిపోయింది.

కొత్తది పదకొండు యూరోలు.
కూలి ఎంతంటే
మూడు స్పానర్లు ఇటువి అటు సర్దాడు.

ఈ రోజు సూది డెబ్భై దాటింది.
వంతెన దగ్గర ఎనభై.
అనేలె ముసలమ్మ గేటు ముందు తొంభై,
అక్కడే నిలబడింది, బుద్ధిగా.
ఒక జత తొడుగులు తీశాను.
కాసేపు నమ్మక,
రెండోది కూడా.

వెనెరాంద కనబడితే
ఐదుంపావు అంటాను.
ఈసారి నమ్మదు.